అక్షరం క్షరమయ్యే చోటు: వెబ్ పాఠ్య సేకరణ, నమూనాలు, తెలుగు

పైథాన్ భాషలో ఒక వాక్యాన్ని పదాలుగా విడగొట్టడానికి వాడే అతి చిన్న నమూనాలో మూడే గుర్తులుంటాయి: ఒక బ్యాక్‌స్లాష్, ఒక డబ్ల్యూ, ఒక కూడిక గుర్తు. ఇంగ్లీషు వాక్యాన్ని దాని ముందు పెడితే పదాలను వరుసగా ఏరి ఇస్తుంది. 'తెలుగు' అన్న మాటను పెడితే మూడు ముక్కలు ఇస్తుంది: త, ల, గ. ఎత్వమూ రెండు కొమ్ములూ ఎక్కడికి పోయాయో చెప్పదు. ప్రోగ్రాము ఆగదు, హెచ్చరిక రాదు. తెలుగు చదవడం రాని ఇంజనీరుకు ఏదో జరిగిందన్న అనుమానం కలిగే అవకాశమే లేదు. తెలుగు వచ్చిన ఇంజనీరు కూడా ఫలితాన్ని తెరిచి చూస్తే తప్ప తెలుసుకోలేడు. లక్షల పేజీల ఫలితాన్ని ఎవరూ తెరిచి చూడరు.

వెబ్ పేజీల నుంచి పాఠ్యాన్ని రాబట్టడం యాంత్రికమైన పనిగా కనిపిస్తుంది. స్వభావంలో మాత్రం అది గ్రంథ పరిష్కరణకు దగ్గర. తాళపత్ర ప్రతులను ముందు పెట్టుకున్న పరిష్కర్త ఏది కవి మాట, ఏది లేఖకుడి పొరపాటు, ఏది తరువాతి చేర్పు అని నిర్ణయిస్తాడు. వేమన పద్యాల ప్రతులను పోగుచేసి, పండితులను నియమించుకుని, పాఠాలను పోల్చి చూసిన సి. పి. బ్రౌన్ చేసినది ఆ పనే. వెబ్ పేజీని ముందు పెట్టుకున్న ప్రోగ్రాము కూడా ఏది రచన, ఏది మెనూ, ఏది ప్రకటన, ఏది అక్షరం, ఏది చెత్త అని నిర్ణయిస్తుంది. తేడా ఒక్కటే. పరిష్కర్త పీఠిక రాస్తాడు, పాఠభేదాలను అడుగున చూపిస్తాడు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే నమూనా తాను తీసేసినదాని జాడ మిగల్చదు. పీఠిక లేని పరిష్కర్త అది. ఆ పరిష్కర్త ఏ నమ్మకాలతో పని చేస్తున్నాడో, అవి తెలుగు పాఠ్యాన్ని ఏం చేశాయో పరిశీలించడం విమర్శ బాధ్యత.

ఛందస్సు తెలిసినవారికి కొత్త కాదు

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అన్న పేరు కొత్తగా వినిపించినా దాని వెనుక ఉన్న ఊహ తెలుగు పద్యం తెలిసినవారికి చిరపరిచితం. అందులో మూల వ్యాపారాలు మూడే. మొదటిది వరుస: ఒకదాని వెంట ఒకటి రావడం. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు ఈ క్రమంలోనే రావాలి. రెండవది వికల్పం: ఇది గాని అది గాని. సూర్యగణమంటే నగణమో హగణమో. ఇంద్రగణమంటే నగ, నల, సల, భ, ర, త అనే ఆరింటిలో ఒకటి. మూడవది ఆవృత్తి: ఎన్నిసార్లయినా రావచ్చు. నాలుగు పాదాలతో ఆగక ఇష్టమైనంత దూరం సాగే ఉత్పలమాలిక, సీసమాలిక ఈ ఊహకు ఉదాహరణలు.

తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు అనే లక్షణం ఉంది. ఆ ఒక్క లక్షణంలో గురులఘువుల వరుసలు 288 ఇమిడి ఉన్నాయి. లాక్షణికుడు 288 వరుసలనూ రాయలేదు. వాటినన్నిటినీ పట్టే ఒక సూత్రం రాశాడు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చేసేదీ అదే. కోట్ల అక్షరాల మధ్య తనకు సరిపోయే వరుసలను గుర్తుపట్టే సూత్రమది.

ఈ సూత్రాలకు గణితరూపం ఇచ్చినవాడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రజ్ఞుడైన స్టీఫెన్ క్లీనీ. 1943లో మెకల్లక్, పిట్స్ ప్రతిపాదించిన నాడీజాలాల నమూనా ఏయే వరుసలను గుర్తించగలదన్న ప్రశ్నకు జవాబుగా 1951లో ర్యాండ్ సంస్థ కోసం ఆయన రాసిన నివేదికలో 'రెగ్యులర్' అన్న విశేషణం కనిపిస్తుంది. ఇంతకంటె అర్థవంతమైన పేరు ఎవరైనా సూచిస్తే సంతోషమని ఆయనే అక్కడ రాసుకున్నాడు. ఎవరూ సూచించినట్టు లేదు. పేరు అలాగే నిలిచింది.

ఈ నమూనాలకు ఒక సహజమైన పరిమితి ఉంది. వాటి జ్ఞాపకశక్తి పరిమితం. ప్రాసను సరిచూడాలంటే మొదటి పాదంలోని రెండవ అక్షరపు హల్లును గుర్తుపెట్టుకుంటే చాలు; హల్లులు కొన్నే కనుక ఆ పాటి జ్ఞాపకం సరిపోతుంది. ఒకదానిలో ఒకటి ఎంత లోతుకైనా ఇమిడిపోగల నిర్మాణాలకు అది చాలదు. తెరిచిన ప్రతి కుండలీకరణానికీ ఒక ముగింపు ఉందా అని లెక్కపెట్టాలంటే లోతుకు హద్దు లేని జ్ఞాపకం కావాలి. 1956లో నోమ్ చామ్‌స్కీ భాషా వ్యాకరణాల గురించి చెప్పిన ప్రధానాంశాలలో ఇది ఒకటి. వెబ్ పేజీ నిర్మాణం ఈ రెండో కోవకు చెందుతుంది: పెట్టెలో పెట్టె, అందులో మరో పెట్టె. అందువల్ల వెబ్ పేజీని కేవలం ఇటువంటి నమూనాలతో పూర్తిగా విశ్లేషించడం సిద్ధాంతరీత్యా కుదరదు. ఈ హెచ్చరిక ప్రోగ్రామర్లందరూ విన్నదే. తెలుగుకు జరిగిన నష్టం మాత్రం ఎక్కువగా దీనివల్ల కాదు.

న్యూజెర్సీలో మొదలైన అలవాటు

క్లీనీ సిద్ధాంతాన్ని పాఠ్యంలో వెతికే సాధనంగా మార్చినవాడు న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన కెన్ థాంప్సన్. 1968లో ఆయన ప్రచురించిన చిన్న వ్యాసం ఈ రంగానికి పునాది. 1973 నాటి యూనిక్స్‌లో చేరిన 'గ్రెప్' అనే ఆదేశం పుట్టుక గురించి ఆయన సహోద్యోగి బ్రయన్ కెర్నిహన్ చెప్పే వృత్తాంతం సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. 1787-88లో హామిల్టన్, మాడిసన్, జే కలిసి మారుపేరుతో రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాలు 85. వాటిలో ఏది ఎవరి రచనో తేల్చడానికి లీ మెక్‌మహన్ అనే సహోద్యోగి ప్రయత్నిస్తున్నాడు. అంత పాఠ్యం అప్పటి ఎడిటర్‌లో పట్టలేదు. ఎడిటర్‌లో ఉన్న వెతికే భాగాన్ని మాత్రం విడదీసి థాంప్సన్ ఒక్క రాత్రిలో కొత్త పనిముట్టుగా ఇచ్చాడు. కంప్యూటర్ చరిత్రలో అతి ప్రసిద్ధమైన వెతుకులాట సాధనం పుట్టింది కర్తృత్వ నిర్ణయమనే అచ్చమైన సాహిత్య సమస్య కోసమన్నమాట.

అయితే ఆ పాఠ్యం ఇంగ్లీషు. దాన్ని దాచిన సంకేతపద్ధతి ఆస్కీ, 1963లో తొలిరూపం పొందిన అమెరికన్ ప్రమాణం. దాని పూర్తి పేరులోనే అమెరికా ఉంది. అందులో స్థానాలు 128. అక్షరమంటే ఏమిటన్న ప్రశ్నకు అక్కడ తడుముకోనక్కరలేని జవాబు ఉంది: పెద్దబడి ఇరవై ఆరు, చిన్నబడి ఇరవై ఆరు. ఒక స్థానం, ఒక అక్షరం. అక్షరాలు, అంకెలు, కింది గీత కలిస్తే 'పదంలో భాగం'. తక్కినదంతా పదానికి వెలుపల. బ్యాక్‌స్లాష్-డబ్ల్యూ అనే సంకేతానికి తరువాతి భాషలు ఇచ్చిన అర్థం ఈ విభజనే. జావాస్క్రిప్ట్‌లో నేటికీ దాని అర్థం ఇంతే. ఆ నమూనాకు తెలుగు మాట మొదటినుంచి చివరిదాకా వట్టి ఖాళీ.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఎదురుగా ఉన్న పాఠ్యానికి సరిపడే నిర్వచనం చేసుకున్నారు. చిక్కంతా ఆ నిర్వచనం స్థానికమైనదన్న సంగతి మరుపున పడి, అది సార్వత్రికమన్న భావన స్థిరపడటంలో ఉంది.

పాదం విరిగిన చోట

వెబ్ పేజీ నుంచి పాఠ్యం తీయడానికి సాధారణంగా రాసే మొదటి నమూనా ట్యాగులను తుడిచేది: కోణపు గుర్తుతో మొదలై కోణపు గుర్తుతో ముగిసే ప్రతిదాన్నీ తీసివేయి. దీని లోపాలు ఏ భాషకైనా ఒకటే. ట్యాగు పోతుంది గాని ట్యాగుల మధ్య ఉన్న జావాస్క్రిప్ట్ రచనలో భాగంగా మిగిలిపోతుంది. ట్యాగు లోపల ఎక్కడో కోణపు గుర్తు ఉంటే నమూనా మధ్యలోనే ఆగిపోతుంది.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు వేరే ఉన్నాయి. పట్టికలో పక్కపక్క గళ్ళలో ఉన్న 'కడప', 'కర్నూలు' అన్న మాటల మధ్య ట్యాగులను తుడిచేస్తే 'కడపకర్నూలు' మిగులుతుంది. ఇంగ్లీషులో ఇలా అతుక్కున్న రెండు పదాలు వెంటనే కంటికి తగులుతాయి. సంధులకూ సమాసాలకూ అలవాటుపడిన తెలుగు కంటికి అది ద్వంద్వ సమాసంలా కనిపించి సాగిపోతుంది. పొరపాటు భాషాస్వభావం చాటున దాక్కుంటుంది.

పద్యం విషయంలో ఇది మరింత లోతైన సమస్య. వెబ్ పేజీలో పాదానికీ పాదానికీ మధ్య వరుస మార్చే ట్యాగు ఉంటుంది. దాన్ని తుడిచి ఏమీ పెట్టకపోతే ఒక పాదపు చివరి మాట తరువాతి పాదపు మొదటి మాటతో అతుక్కుంటుంది. దాని బదులు ఖాళీ పెట్టడమే మంచి పద్ధతి అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కాని తెలుగు వృత్తాలలో మాట పాదాంతంలో విరిగి తరువాతి పాదంలోకి నడవడం సర్వసాధారణం. అక్కడ ఖాళీ పెడితే ఒకే మాట రెండు నిరర్థక ఖండాలవుతుంది. పాదం చివర మాట ముగిసిందో విరిగిందో ట్యాగు చెప్పదు. ఎంత మంచి పార్సర్ అయినా చెప్పలేదు. పద్యాన్ని అన్వయించుకోగల పాఠకుడే చెప్పగలడు. వెబ్ పాఠ్య సేకరణ పరిష్కరణకు సమానమైన పని అనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

మరొక ఉచ్చు సంఖ్యారూపంలో ఉంది. చాలా పేజీల మూలంలో తెలుగు అక్షరాలు నేరుగా ఉండవు; ఒక ఆంపర్‌సాండ్, ఒక హ్యాష్ గుర్తు, 3108 అనే అంకె, ఒక సెమికోలన్ ఉంటాయి. బ్రౌజర్ దాన్ని 'త' అని చూపిస్తుంది. ఇంగ్లీషు పేజీలలో ఇటువంటి సంకేతాలు అక్కడక్కడ ఉండే అలంకారాలు, ఒక పొడుగు గీతో కాపీరైట్ గుర్తో. అందుకే వాటిని పూర్తిగా తుడిచేసే నమూనాలు వాడుకలో ఉన్నాయి. ఇంగ్లీషు పేజీ నుంచి అవి దుమ్ము దులుపుతాయి. అలా రాసిన తెలుగు పేజీ నుంచి తెలుగునంతటినీ దులిపేస్తాయి.

అక్షరం, కోడ్ పాయింట్

యూనికోడ్ తెలుగుకు కేటాయించిన స్థానాలు కూడా 128. కాని ఆ స్థానాలలో ఉన్నవన్నీ ఒకే జాతివి కావు. అచ్చులూ హల్లులూ 'అక్షరాలు' అన్న వర్గంలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, అరసున్న, విసర్గ 'చిహ్నాలు' అన్న వేరే వర్గంలో ఉన్నాయి. ఈ వర్గీకరణలో తప్పు లేదు. కొమ్ము తనంత తాను నిలబడలేదు, హల్లును ఆశ్రయించే ఉంటుంది. తప్పు జరిగింది దాన్ని వాడుకున్న చోట. పదమంటే అక్షరాల వరుస అనుకున్న నమూనా 'అక్షరాలు' అన్న వర్గాన్ని మాత్రమే తీసుకుని 'చిహ్నాల'ను వదిలేసింది. ఇంగ్లీషు చదివే కంటికి చిహ్నమంటే అక్షరం మీద ఐచ్ఛికంగా పెట్టే గీతో చుక్కో. తీసేసినా మాట మిగులుతుంది. తెలుగులో గుణింతం తీసేస్తే మాట ఉండదు.

తెలుగు సంప్రదాయంలో అక్షరమన్న మాటకు అర్థం వేరు. ఛందస్సులో లెక్కపెట్టేది అక్షరాన్నే: 'స్త్రీ' ఒక అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు కోడ్ పాయింట్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. చూసేవాడు ఒకటిగా భావించే ముక్కను గుర్తించడానికి యూనికోడ్ చేసిన నియమాలు కూడా చాలాకాలం దీన్ని మూడు ముక్కలుగా లెక్కించాయి. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకుండా ఉంచే నియమం 2023 నాటి 15.1 సంచికలో చేరింది. నన్నయ నాటినుంచి పద్యకవులు తడుముకోకుండా లెక్కిస్తున్న విషయం ప్రమాణంలోకి రావడానికి ఇంత కాలం పట్టింది.

పదం విషయంలో ప్రమాణం అంత ఆలస్యం చేయలేదు. పదంలో అక్షరాలతోపాటు చిహ్నాలనూ, 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలలో పొల్లును నిలబెట్టే అదృశ్య గుర్తునూ చేర్చాలని కాలిఫోర్నియాలోని యూనికోడ్ కన్సార్టియం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల గురించి ప్రచురించిన సాంకేతిక ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. పెర్ల్ చిహ్నాలను పదంలో కలుపుకుంది. పైథాన్ ప్రామాణిక గ్రంథాలయం కలుపుకోలేదు. పెర్ల్ నిపుణుడు టామ్ క్రిస్టియన్సెన్ 2011లోనే దీన్ని లోపంగా నమోదు చేశాడు. నిర్వచనం అలాగే నిలిచింది. విచిత్రమేమిటంటే, ఇదే పైథాన్ తన మూడవ సంచిక నుంచి 'తెలుగు' అన్న మాటను చలరాశి పేరుగా నిరభ్యంతరంగా అంగీకరిస్తుంది. భాష వ్యాకరణానికి అది ఒకే మాట. అదే భాషలోని నమూనాలకు అది మూడు ముక్కలు.

ఈ లోపం ఒక్కచోట ఆగదు. పాఠ్య విశ్లేషణలో విరివిగా వాడే సైకిట్-లెర్న్ అనే గ్రంథాలయం, వేరే ఆదేశం లేకపోతే, రెండో అంతకంటె ఎక్కువో పదాక్షరాలు వరుసగా ఉంటేనే పదమని లెక్కిస్తుంది. ఇంగ్లీషులో ఒంటి అక్షరపు మాటలను వదిలించుకోవడానికి పెట్టిన నియమమది. ఈ నియమం కింద తెలుగు మాటలు ఏమవుతాయో చూస్తే నవ్వూ బాధా ఒకేసారి కలుగుతాయి. 'అమ్మ' అన్న మాట 'అమ' అవుతుంది. 'నాన్న' పూర్తిగా మాయమవుతాడు. గుణింతం లేని 'కడప' చెక్కుచెదరదు. 'గుంటూరు' ఆనవాలు కూడా మిగలదు. 'వరంగల్' విడిపోయి 'వర', 'గల' అవుతుంది. 'ఆంధ్రప్రదేశ్' నుంచి 'రప', 'రద' అనే రెండు ముక్కలు మిగులుతాయి. 'తెలంగాణ' నుంచి ఏదీ మిగలదు. ఇలా మిగిలిన ముక్కలను లెక్కపెట్టి తెలుగు పత్రికల వార్తలను వర్గీకరించామనీ, సమీక్షలలో మెప్పునూ నొప్పినీ కొలిచామనీ చెప్పే ఏ పరిశోధనను చదివేటప్పుడైనా అడగవలసిన మొదటి ప్రశ్న గణితం గురించి కాదు. పదాలను ఏ నమూనాతో విడగొట్టారన్నది.

పద్యానికి చోటు లేని కొలత

నష్టం అక్షరం దగ్గర మొదలై పేజీ స్థాయికి పెరుగుతుంది. 2007లో అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థగా మొదలైన కామన్ క్రాల్ వెబ్‌ను ఎప్పటికప్పుడు నకలు తీసి అందరికీ అందుబాటులో ఉంచుతుంది. నేటి భాషా నమూనాలకు అది ప్రధానమైన గని. 2019లో గూగుల్ పరిశోధకులు దాని ఏప్రిల్ నెల నకలు నుంచి సుమారు 750 గిగాబైట్ల ఇంగ్లీషు పాఠ్యాన్ని వడకట్టి సి-ఫోర్ అనే సంకలనం తయారుచేశారు. వడపోత నియమాలు సరళమైనవి. చుక్కతోనో, ప్రశ్నార్థకంతోనో, ఆశ్చర్యార్థకంతోనో, ఉద్ధరణ ముగింపు గుర్తుతోనో ముగిసే వరుసలనే ఉంచాలి. మీసపు కుండలీకరణం ఉన్న పేజీ ప్రోగ్రాము కావచ్చు కనుక తీసేయాలి. నిషిద్ధ పదాల జాబితాలోని మాట ఒక్కటున్నా పేజీ మొత్తం తీసేయాలి.

మొదటి నియమం మెనూలనూ బటన్లనూ చక్కగా ఏరివేస్తుంది. దానితోపాటు కామాతో ముగిసే ప్రతి కవితాపాదాన్నీ ఏరివేస్తుంది. గద్యమే పాఠ్యమన్న సాహిత్య తీర్పు అందులో ఉంది, తీర్పుగా ప్రకటించకుండా.

ఆ మరుసటి ఏడాది 101 భాషలకు విస్తరించిన సంకలనంలో, విరామచిహ్నాల నియమం అన్ని లిపులకూ సరిపోదని గుర్తించి దాన్ని వదిలేశారు. ఆ జాగ్రత్తను మెచ్చుకోవాలి. దాని స్థానంలో పెట్టిన నియమం ఇది: పేజీలో కనీసం మూడు వరుసలు, ఒక్కొక్కటి 200 కోడ్ పాయింట్లకు తగ్గకుండా ఉండాలి. తెలుగు ఈ 101 భాషలలో ఉంది. ఇప్పుడు ఉత్పలమాల పాదాన్ని ఈ కొలతకు పెట్టి చూడవచ్చు. పాదానికి 20 అక్షరాలు. గుణింతంతో కూడిన అక్షరానికి రెండు, సంయుక్తానికి నాలుగు కోడ్ పాయింట్ల చొప్పున ఖాళీలతో కలిపి సుమారు 50 నుంచి 70 దాకా వస్తాయి. ఎనిమిది గణాల సీసపాదం ఒకే వరుసలో పరిచినా వంద దగ్గర ఆగుతుంది. ద్విపద మరీ చిన్నది. వచన కవిత సరేసరి. అంటే పాదానికొక వరుసగా పెట్టిన పద్యాలు ఒక పేజీలో వెయ్యి ఉన్నా, పక్కన పొడవాటి తాత్పర్యమో వ్యాఖ్యానమో లేకపోతే ఈ నియమం ప్రకారం ఆ పేజీలో పాఠ్యం లేనట్టే. వెయ్యేళ్ళ పైచిలుకు తెలుగు సాహిత్యంలో అధికభాగం పద్యమే కదా. అటువంటి భాషకు పద్యాన్ని పాఠ్యంగా గుర్తించని కొలతను పెట్టారు, తెలిసి కాదు, అడగక.

అమెరికా తెలుగువారి సొంత చరిత్ర కూడా ఈ వడపోతలో నలిగింది. 1990లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతిలో ఎంతో తెలుగు రోమన్ అక్షరాలలో రాయబడింది. అందులో చిన్నబడి ఎల్ 'ల', పెద్దబడి ఎల్ 'ళ'. చిన్నబడి ఎన్ 'న', పెద్దబడి ఎన్ 'ణ'. పాఠ్య శుద్ధిలో భాగంగా పెద్దబడి అక్షరాలన్నిటినీ చిన్నబడికి మార్చడం పరిపాటి. ఆ ఒక్క అడుగుతో 'కళ' కాస్తా 'కల' అవుతుంది, 'గణం' కాస్తా 'గనం' అవుతుంది. దానికి ముందు ఆ పేజీ తెలుగుదని గుర్తించాలి కూడా. పైన చెప్పిన బహుభాషా సంకలనానికి వాడిన భాషా నిర్ణాయకం హిందీ, రష్యన్, గ్రీకు వంటి ఆరు భాషలను రోమన్ లిపిలో కూడా వేరుగా గుర్తిస్తుంది. ఆ జాబితాలో తెలుగు లేదు.

యూనికోడ్‌కు ముందు తెలుగు పత్రికలు సొంత ఫాంట్లు వాడిన కాలానిదీ ఇదే కథ. లాటిన్ అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను కూర్చిన ఆ పేజీలు ఫాంటు లేకుండా చదివితే అర్థంలేని గీతలు. నాగార్జున వెన్న రూపొందించిన 'పద్మ' అనే మోజిల్లా పొడిగింపు ఆ ఫాంట్ల పేజీలను ఒక్కొక్క పద్ధతినీ గుర్తించి యూనికోడ్‌లోకి మార్చి చూపింది. దాని ఆధారమూ ఈ వరుస కనిపిస్తే ఆ అక్షరం అన్న గుర్తింపే. అక్కడ అది తెలుగును కాపాడింది. కనుక దోషం నమూనా అనే సాధనంలో లేదు. రాసినవారికి తెలుగు తెలుసు, అంతే తేడా.

విడగొట్టిన తీరుకు కట్టిన మూల్యం

ఈ విషయం పండిత చర్చకు పరిమితం కాదనడానికి పెద్ద భాషా నమూనాల చరిత్రే సాక్ష్యం. అవి పాఠ్యాన్ని టోకెన్లనే ముక్కలుగా చేసుకుని చదువుతాయి. ముక్కలు చేసే పనిలో మొదటి కత్తిగాటు ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌దే. అది వేసిన గాట్లను దాటి తరువాతి దశ ఏ రెండు ముక్కలనూ కలపదు.

2019లో ఓపెన్ఏఐ విడుదల చేసిన జీపీటీ-2 నమూనాలో ఆ ఎక్స్‌ప్రెషన్ అక్షరాలను ఒక గుంపుగా, అంకెలను ఒక గుంపుగా, తక్కిన గుర్తులను మరో గుంపుగా విడదీసింది. గుణింతపు గుర్తులు మూడో గుంపులో, కామాలూ చుక్కల సరసన పడ్డాయి. 'తెలుగు' అన్న మాట ఆరు ముక్కలైంది. జీపీటీ-4 కాలానికి నమూనా కొద్దిగా మారింది. అక్షరానికి ముందు ఒక గుర్తును అనుమతించింది. ఇంగ్లీషులో పదానికి ముందున్న ఖాళీనో కుండలీకరణాన్నో పదంతో కలిపి ఉంచడానికి అది పనికివస్తుంది. తెలుగులో దాని ఫలితం విడ్డూరం: ముందు 'త', తరువాత ఎత్వంతో మొదలై 'ల'తో ముగిసే ముక్క, తరువాత కొమ్ముతో మొదలై 'గ'తో ముగిసే ముక్క, చివర ఒంటరి కొమ్ము. ప్రతి గుణింతమూ తన హల్లును వదిలి పక్క హల్లు చెయ్యి పట్టుకుంది. ఏ బడిపిల్లవాడూ ఇలా విడగొట్టడు. ఈ ఏర్పాటులో పదకోశం ఎంత పెద్దదైనా 'తెలుగు' అన్న మాట ఒకే టోకెన్ కావడం అసాధ్యం.

2024 మే నెలలో వచ్చిన జీపీటీ-4ఓ నమూనాలో చిహ్నాల వర్గాన్ని అక్షరాలతో చేర్చారు. పదకోశాన్ని సుమారు లక్ష నుంచి రెండు లక్షలకు పెంచారు. ఓపెన్ఏఐ ఉదాహరణగా ప్రకటించిన ఒకే చిన్న పలకరింపుకు తెలుగులో అంతకుముందు 159 టోకెన్లు పడితే కొత్త పద్ధతిలో 45 చాలాయి. అదే పలకరింపుకు ఇంగ్లీషులో 27 నుంచి 24కు తగ్గాయి. తగ్గుదలలో ఎంత భాగం నమూనాది, ఎంత భాగం పదకోశానిది అన్నది ఈ అంకెలు విడదీసి చెప్పవు. కాని మొదటి జత అంకెల అర్థం స్పష్టం: ఒకే మాట చెప్పడానికి తెలుగువాడు ఇంగ్లీషువాడికంటె దాదాపు ఆరు రెట్లు టోకెన్లు ఖర్చుపెట్టాడు. టోకెన్ల లెక్కన రుసుము కట్టే సేవలలో అది డబ్బు. నమూనా ఒకసారి చదవగల నిడివికి హద్దు ఉంటుంది కనుక ఆరో వంతు తెలుగే అందులో పడుతుంది. గుణింతాన్ని అక్షరంలో భాగంగా ఒప్పుకోవడానికి నమూనాలో చేర్చవలసినది చిహ్నాల వర్గం పేరు ఒక్కటే. దానికి ఐదేళ్ళు పట్టింది.

సమర్థనలు, వాటి హద్దులు

ఈ నమూనాల పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. అవి వేగవంతమైనవి. థాంప్సన్ పద్ధతిలో నడిపితే పాఠ్యం పొడవుకు తగినంత సమయమే తీసుకుంటాయి. వాటి నిర్ణయాలు పారదర్శకం. ఒక పేజీని ఎందుకు తీసేశారో ఒక వరుస నియమం చూపించి చెప్పవచ్చు. వాటి స్థానంలో యంత్రాభ్యసనంతో తయారైన వడపోతను పెడితే వేగమూ స్పష్టతా రెండూ పోతాయి. పక్షపాతం మాత్రం కనిపించకుండా మిగులుతుంది. పైన చూపిన ప్రతి లోపాన్నీ పట్టుకోగలగడానికి కారణం ఆ నియమాలు చదవదగినవిగా ఉండటమే. సి-ఫోర్ రూపకర్తలు తమ నియమాలను పూర్తిగా ప్రకటించారు కనుకనే వాటిని విమర్శించడం సాధ్యమైంది. ఆ రకంగా అది పీఠికతో కూడిన పరిష్కరణే.

మరొక సమర్థన అంత బలమైనది కాదు: తెలుగు పేజీలు కొన్నే, వాటి కోసం ప్రత్యేక నియమాలు రాయడం దండగ. ప్రత్యేక నియమాలు అక్కరలేదన్నది ఇందుకు సమాధానం. చిహ్నాలను పదంలో కలిపే నిర్వచనం తెలుగుకే కాదు, హిందీకీ తమిళానికీ బంగ్లాకీ థాయికీ పనికివస్తుంది. ఇంగ్లీషుకు నష్టం లేదు. ప్రమాణం ఇదివరకే ఉంది, పాటించాలి.

ఇక మిగిలినది బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. ఇటువంటి నమూనాలు రాసే సంస్థలలో తెలుగువారు లేరని ఎవరూ అనలేరు. సీటెల్ నుంచి డాలస్ దాకా, న్యూజెర్సీ నుంచి బే ఏరియా దాకా రోజూ ట్యాగులు తుడిచే నమూనాలనూ పదాలు విడగొట్టే నమూనాలనూ రాసే చేతులలో తెలుగు అక్షరాలు దిద్దుకున్న చేతులు ఎన్నో. ఇంట్లో పిల్లలకు గుణింతం నేర్పుతూ ఆఫీసులో గుణింతాన్ని విరామచిహ్నంగా లెక్కించే నియమాన్ని మారు ఆలోచన లేకుండా నకలు చేయడం అలవాటు వల్ల జరిగే పని, ద్రోహం వల్ల కాదు. ఆ అలవాటు మార్చుకోవడానికి ఉద్యమాలు అక్కరలేదు. ప్రోగ్రామును సరిచూసే పరీక్షలలో 'అమ్మ', 'నాన్న', 'స్త్రీ', 'సాఫ్ట్‌వేర్' అనే నాలుగు మాటలు చేర్చితే చాలు. పద్యం ఉన్న పేజీ ఒకటి, సంఖ్యాసంకేతాలతో రాసిన పేజీ ఒకటి చేర్చితే ఇంకా మంచిది. వడపోత ఏం తీసేసిందో ఒక నమూనా ఫైలులో దాచి, తెలుగు వచ్చినవారు నెలకొకసారి చదివితే అదే పాఠభేదాల పట్టిక.

ప్రాచీన ప్రతులలో చెదలు తిన్న చోట పరిష్కర్తలు చుక్కలు పెట్టేవారు. అక్కడ ఏదో ఉండేదనీ, పోయిందనీ ఆ చుక్కలు చెప్పేవి. వెబ్ నుంచి తీసిన తెలుగులో ఆ చుక్కలైనా లేవు. అవి పెట్టడం నేర్చుకున్న ప్రోగ్రాము మొదటి మెట్టు ఎక్కినట్టే.